ఆల్జీబ్రా కోర్సులో రాత పని ఎందుకు?

డిగ్రీలో చదివే ఆబ్‌స్ట్రాక్ట్ ఆల్జీబ్రాలో జవాబంటే అంకె కాదు, నిరూపణ. అమెరికాలోని ఎంఐటీలో ప్రతి డిగ్రీ విద్యార్థీ రాయడం, మాట్లాడడం నేర్పే కోర్సులు 4 పూర్తి చేయాలి. వాటిలో 2 సొంత సబ్జెక్టులోనే ఉండాలి. మ్యాథ్స్‌లో అలాంటి వాటిలో ఒకటి ఆల్జీబ్రా సెమినార్.

ఉదాహరణకు, కూడికలో సున్నాలాగా దేన్నీ మార్చని మూలకం ఒక గ్రూప్‌లో ఒక్కటే ఉంటుందని చూపాలి. రెండున్నాయనుకుందాం. వాటిని కలిపితే, మొదటిది దేన్నీ మార్చదు కాబట్టి రెండోదే వస్తుంది. రెండోదీ మార్చదు కాబట్టి మొదటిదే వస్తుంది. అంటే రెండూ ఒకటే.

ఈ 'కాబట్టి' రాయకుండా గుర్తులు మాత్రం పేరిస్తే నిరూపణ పూర్తి కాదు. లెక్కల్లో ఫస్ట్ వచ్చే పిల్లలు కూడా తడబడేది ఇక్కడే.

ఆల్జీబ్రాకు ఆ పేరు తెచ్చిన 'అల్ జబ్ర్' పుస్తకాన్ని 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో రాసిన అల్ ఖ్వారిజ్మీ కూడా సమీకరణాలన్నీ మాటల్లోనే రాశారు.