‘కార్న్’: ఒక ధాన్యనామం – ప్రాంతీయార్థాల చరిత్ర

ఉపోద్ఘాతం

ఆంగ్లంలో ‘కార్న్’ నిత్యవ్యవహారంలోని చిన్న మాట. నేటి తెలుగువారికి ఈ మాట వినగానే మొక్కజొన్న స్ఫురిస్తుంది. స్వీట్ కార్న్, పాప్‌కార్న్, బేబీ కార్న్ వంటి ఆదాన పదాలు ఈ అర్థాన్నే స్థిరపరిచాయి. అయితే 1846లో బ్రిటిష్ పార్లమెంటు రద్దుచేసిన ‘కార్న్ లాస్’ను ఈ అర్థంతో తెనిగిస్తే అవి ‘మొక్కజొన్న చట్టాలు’ అవుతాయి. ఆ చట్టాల చుట్టూ సాగిన వివాదం ప్రధానంగా గోధుమ ధరకు సంబంధించినది. ఒక్క పదాన్ని పొరపాటుగా గ్రహించడంవల్ల ఒక దేశపు ఆర్థిక చరిత్రే తారుమారయ్యే ప్రమాదం ఇక్కడ ఉంది. ఈ పదం వివిధ ప్రాంతాల్లో పొందిన అర్థాలను చారిత్రకంగా పరిశీలించి, ఆ పరిణామానికి మూలసూత్రమేమిటో నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

పద మూలం

‘కార్న్’ ప్రాచీనాంగ్లం నుంచి వస్తున్న జర్మానిక్ పదం. దీని తొలి అర్థం ‘గింజ’. లాటిన్ ‘గ్రానుం’ దీనికి జ్ఞాతిపదం. ఆ లాటిన్ పదం ఫ్రెంచి మీదుగా ఆంగ్లంలో ‘గ్రెయిన్’ అయింది. అంటే కార్న్, గ్రెయిన్ రెండూ ఒకే మూలం నుంచి వేర్వేరు దారుల్లో ఆంగ్లాన్ని చేరిన మాటలు. ‘అరిగినది’ అనే అర్థం గల సంస్కృత ‘జీర్ణ’ శబ్దాన్ని కూడా నిరుక్తకారులు ఇదే కుటుంబంలో చేరుస్తారు.

గింజ అనే మూలార్థం కొన్ని సమాసాల్లో ఇప్పటికీ నిలిచి ఉంది. ‘పెప్పర్‌కార్న్’ మిరియపు గింజ. ‘కార్న్‌డ్ బీఫ్’లో మొక్కజొన్న ఏమీ ఉండదు; ఉప్పుగల్లు వేసి నిలవచేసిన మాంసమది. అక్కడ ‘కార్న్’ అంటే ఉప్పురవ్వ. కాలి ఆనెకాయకు వాడే ‘కార్న్’ మాత్రం కొమ్ము అనే అర్థమున్న లాటిన్ పదం నుంచి వచ్చిన వేరే మాట; రూపసామ్యమే తప్ప జ్ఞాతిత్వం లేదు.

ప్రాంతాన్ని బట్టి పంట

గింజ అనే అర్థం నుంచి ‘తిండిగింజలన్నీ’ అనే సామూహికార్థానికి ఈ పదం విస్తరించింది. ఇది అర్థవ్యాకోచం. తరువాత ప్రతి ప్రాంతంలోనూ అక్కడి ప్రధాన పంటకు పరిమితమైంది. ఇది అర్థసంకోచం. ఇంగ్లాండులో అధికభాగం కార్న్ అంటే గోధుమ. స్కాట్లాండు, ఐర్లండ్‌లలో ఓట్లు. జ్ఞాతిభాషల్లోనూ ఇదే స్థితి: జర్మనీలో చాలాచోట్ల ‘కోర్న్’ అంటే రై ధాన్యం, స్వీడిష్‌లో ‘కోర్న్’ అంటే బార్లీ.

1611 నాటి ఆంగ్ల బైబిలులో రూతు ‘కార్న్’ వెన్నులు ఏరుకుంటుంది. బేత్లెహేము పొలాల్లో అప్పుడు జరుగుతున్నవి యవల, గోధుమల కోతలు. కథ తెలియని అమెరికన్ పాఠకుడు అక్కడ మొక్కజొన్న చేనును ఊహించుకోవచ్చు. కాని 1492కు ముందు ఆ పంట పాతప్రపంచంలో లేనేలేదు.

అమెరికాలో విశేషణ లోపం

మొక్కజొన్న సుమారు 9000 ఏళ్ల కిందట దక్షిణ మెక్సికోలో టియోసింటే అనే గడ్డిజాతి నుంచి సాగులోకి వచ్చిన పంట. కరీబియన్ దీవుల టైనో ప్రజల మాట స్పానిష్ ద్వారా ఆంగ్లంలో ‘మెయిజ్’ అయింది. అయితే ఉత్తర అమెరికాలో స్థిరపడిన ఆంగ్లేయులు తమకు తెలిసిన సామాన్యనామానికే విశేషణం చేర్చి దాన్ని ‘ఇండియన్ కార్న్’ అన్నారు. 1620 నవంబరులో కేప్ కాడ్ తీరాన దిగిన వలసదారులకు స్థానికులు భూమిలో దాచిపెట్టుకున్న మొక్కజొన్న దొరికింది. ఆ చోటు నేటికీ ‘కార్న్ హిల్’గానే వ్యవహారంలో ఉంది. మరుసటి ఏడు ఆ పంట వేసే పద్ధతిని వారికి నేర్పినవాడు టిస్క్వాంటమ్ అనే స్థానికుడు.

క్రమేణా అదే ఆ నేల ప్రధాన పంటయింది. వేరుచేసి చెప్పవలసిన అవసరం తీరాక ‘ఇండియన్’ అన్న విశేషణం లోపించి ‘కార్న్’ మిగిలింది. పంటను సాగులోకి తెచ్చిన ప్రజల గుర్తు ఆ పేరులోంచి అలా తొలగిపోయింది.

చట్టం, కరువు

1815 చట్టం ప్రకారం స్వదేశీ గోధుమ ధర క్వార్టరుకు 80 షిల్లింగులకు చేరేదాకా విదేశీ గోధుమను అమ్మకానికి అనుమతించరు. భూస్వాములకు లాభకరం, పట్టణ శ్రామికులకు భారమైన ఈ విధానంపై రిచర్డ్ కాబ్డెన్, జాన్ బ్రైట్ ఉద్యమించారు. 1845లో ఐర్లండ్‌లో బంగాళాదుంప పంటకు తెగులు సోకడంతో సమస్య తీవ్రమైంది. ప్రధాని రాబర్ట్ పీల్ సుమారు లక్ష పౌండ్ల విలువైన ‘ఇండియన్ కార్న్’ను అమెరికా నుంచి రహస్యంగా కొనిపించాడు. 1846లో కార్న్ చట్టాలను రద్దుచేయించాడు.

ఐర్లండ్ రైతు దృష్టిలో కార్న్ అంటే ఓట్లు. దాన్ని అతడు పండించేవాడు; కౌలు చెల్లించడానికి అమ్మేవాడు; తినేది మాత్రం బంగాళాదుంప. దుంప కుళ్లిన ఏళ్లలోనూ ఓట్లు ఓడలెక్కి ఎగుమతయ్యాయి. ఎదురుగా దిగుమతైన అమెరికా కార్న్ గట్టిగింజ. తగినట్లు విసరక, వండే తీరు తెలియక తిన్నవారు ఉదరబాధల పాలయ్యారు. ఆ పసుపుపచ్చని పిండిని జనం ‘పీల్ గంధకం’ అని ఈసడించారు. ఒకే పేరు గల రెండు గింజలు ఎదురెదురు దిశల్లో ప్రయాణించిన ఆ కరువులో దాదాపు పది లక్షలమంది మరణించారు. కనుక ‘ప్రధాన పంట’ అంటే తప్పనిసరిగా జనం తినే పంట కాదు. అంగడికి, కౌలుకు, పన్నుకు లెక్కకు వచ్చే పంట.

తెలుగులో సమాంతర పరిణామం

ఆ కరువులో సహాయచర్యలను బ్రిటిష్ ఖజానా తరఫున నడిపిన చార్లెస్ ట్రెవెల్యన్ 1859–60లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు. కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆనాడు ఆ రాజధానిలోనివే. ఆ ప్రభుత్వపు ఆంగ్ల పత్రాల్లో తెలుగు జిల్లాల జొన్నకు కూడా ‘చోళం’ అన్న తమిళపదమే తరచుగా కనిపిస్తుంది. నేటి తమిళ వ్యవహారంలో ‘చోళం’ మొక్కజొన్నకూ చెల్లుతున్నది. ఈ అర్థంతో పాత లెక్కలు చదివే పరిశోధకుడు జొన్న చేలను మొక్కజొన్న చేలుగా పొరబడగలడు.

తెలుగు కూడా కొత్త పంటకు పాత ధాన్యం పేరే పెట్టింది. కాని విశేషణాన్ని వదలలేదు. అందువల్ల జొన్న జొన్నగానే నిలిచింది, మొక్కజొన్న వేరుగా నిలిచింది. తెలంగాణలో ‘మక్కజొన్న’ నుంచి ‘మక్కలు’ అన్న పొట్టిరూపం ఏర్పడింది. అక్కడ లోపించినది పాత ధాన్యనామం. ఆంగ్లంలో లోపించినది విశేషణం. అందుచేత ‘మక్కలు’ అనే మాటలో సందిగ్ధత లేదు.

ఆంగ్ల ‘కార్న్’కు నిజమైన సాటి మన ‘ధాన్యం’. నిఘంటువులో అది తిండిగింజలన్నిటికీ పేరు. నవధాన్యాల్లో ఆ అర్థమే ఉంది. కాని కోస్తా వ్యవహారంలోనూ, పత్రికల ‘ధాన్యం కొనుగోళ్ల’ వార్తల్లోనూ ధాన్యమంటే వడ్లే. అలాగే ‘అన్నం’ అంటే వరి అన్నమే అయింది; జొన్నన్నానికి విశేషణం తప్పలేదు. జొన్న తిన్న మెట్టసీమల ఆహారచరిత్రను రాసేటప్పుడు ఈ రెండు మాటలనూ పరీక్షించకుండా వాడరాదు.

ముగింపు

పై పరిశీలన వల్ల ‘కార్న్’కు విడివిడిగా అనేకార్థాలున్నాయనడం కంటే, ‘ఈ సీమలో లెక్కకు వచ్చే గింజ’ అనే ఒకే అర్థం సీమను బట్టి వేర్వేరు పంటలను సూచించిందనడం సమంజసమని తేలుతుంది. కాబట్టి అనువాదకుడు నిఘంటువును తెరిచేముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి: ఏ దేశం, ఏ కాలం, ఎవరి లెక్క. ‘కార్న్ లాస్’కు ‘ధాన్య చట్టాలు’ అన్న అనువాదం సరైనదే. అయితే వడ్లను తలచుకునే పాఠకుడికోసం అక్కడి ధాన్యం ప్రధానంగా గోధుమ అని తొలి ప్రస్తావనలోనే చెప్పడం అవసరం.