నల్లా ఖర్చు ఎవరిది? మోరి ఖర్చు ఎవరిది?

“నీళ్లు అల్లాహ్ ఇచ్చినవి, వాటికి పైసలెందుకు కట్టాలె?” అని ఒకరంటారు. “నీళ్లు పైనుండి వస్తయి గాని పైపులు రావు గదా” అని ఇంకొకరు జవాబిస్తారు. మునిసిపాలిటీ వారు నల్లా కనెక్షన్‌కు గాని, మోరి కనెక్షన్‌కు గాని ఇంటి యజమానిని రుసుము అడిగినప్పుడల్లా మన వంటి పట్టణాల్లో ఈ వాదన లేస్తూనే ఉంటుంది. ఇద్దరి మాటలోనూ న్యాయం కలదు. కాబట్టి కోపతాపాలు పక్కనబెట్టి, మన పెద్దలు ఈ ఖర్చును ఎట్లా పంచుకున్నారో చరిత్రలో చూడడం మంచిది.

మొదట మదీనా సంగతి. ముహాజిర్లు అక్కడికి చేరిన కాలంలో రూమా బావి యజమాని నీటిని వెలకట్టి అమ్మేవాడని రివాయతులు చెప్పుచున్నవి. హజ్రత్ ఉస్మాన్ (రజి.) ఆ బావిని తన సొమ్ముతో కొని అందరికీ వక్ఫ్ చేసినారు. ఇందులో గమనించవలసినది ఒకటి ఉన్నది. ఆ రోజు నుండి నీళ్లు ఉచితమైనవి గాని ఖర్చు మాయం కాలేదు. బీదవాడి నెత్తిన ఉన్న బరువును స్థోమత గలవారు ఎత్తుకున్నారు. “ఉచితం” అన్న మాటకు అసలు అర్థం ఇదే.

మన తెలంగాణ పల్లెల్లోనూ ఇటువంటి లెక్కే ఉండెను. చెరువు తవ్వించినవారికి, తెగిన కట్టను బాగుచేసినవారికి దశబంధం అని భూమి శిస్తులో భాగం వదిలేవారు. తూము తెరిచి మూసే నీరడికి రైతులు పంట మీద ధాన్యం కొలిచేవారు. ఎక్కువ మడి తడిసినవాడు ఎక్కువ, తక్కువ మడి తడిసినవాడు తక్కువ. పెద్ద పని సర్కారుది, రోజువారీ పని వాడుకున్నవారిది. మన మెదక్ దగ్గర మంజీర మీద 1905లో కట్టిన ఘనపురం ఆనకట్టను తీసుకోండి. మహబూబ్ నహర్, ఫతే నహర్ అనే రెండు కాలువల ద్వారా అది 20,000 ఎకరాలకు పైగా నీరిచ్చే కట్టడం. నిజాం సర్కారు దానిని కట్టించింది. ఏ ఒక్క రైతునూ “ముందు ఆనకట్ట ఖర్చు తెచ్చి పెట్టు” అని అడగలేదు.

పట్టణాల కథ వేరు. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచి వేలాది ప్రాణాలు తీసింది. మరుసటి సంవత్సరం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని సర్కారు పిలిపించింది. ఆయన వరదను ఆపే జలాశయాలతో పాటు నగరానికి మురుగు కాలువలు కూడా అవసరమని చెప్పినారు. ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తి అయినవి. భూగర్భ మురుగు కాలువల వ్యవస్థ 1930ల నాటికి రూపు దిద్దుకున్నది. అది సుమారు 5 లక్షల జనాభాకు వేసిన లెక్క. ఊరు పెరిగింది, లెక్క అక్కడే నిలిచింది. తాగునీటి మీద పెట్టిన శ్రద్ధ మురుగునీటి మీద పెట్టకపోతే ఏమగునో హైదరాబాదు నాలాలే చెప్పుచున్నవి.

ఇక చట్టం మాట. 1965 నాటి ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల చట్టంలో ఇంటి పన్ను అంటే ఒకే పన్ను కాదు. సాధారణ పన్ను, నీటి-మురుగు పన్ను, దీపాల పన్ను, పారిశుద్ధ్య పన్ను అని అందులో భాగాలుండెను. “ఇంటి పన్నులో నీటి పన్ను కట్టినాము, మళ్లీ కనెక్షన్ ఛార్జీ ఏమిటి?” అని జనం అడగడానికి మూలం ఇక్కడ ఉన్నది. అధికారుల జవాబు ఏమంటే, పన్ను వీధిలోని పెద్ద పైపుకు, ట్యాంకుకు, పంపుకు; ఛార్జీ ఆ పెద్ద పైపు నుండి మీ గడప దాకా వచ్చే చిన్న పైపుకు. జవాబు తప్పు కాదు. అయితే వీధిలో పెద్ద పైపే లేని మొహల్లా మనిషికి ఈ జవాబు ఏ విధంగా ఒప్పుతుంది?

మన జిల్లావారికి ఇంకొక బాధ కూడా కలదు. మంజీర నీరు 1965 నుండి హైదరాబాదు నల్లాలకు పోయింది. 1981లో రెండో దశ, 1991లో సింగూరు నుండి మూడో దశ. మన నది రాజధాని దాహం తీర్చుతుంటే మన ఆడవాళ్లు ఎండాకాలంలో బోరింగుల దగ్గర బిందెలు వరుసబెట్టిన రోజులు పెద్దలకు గుర్తున్నవి. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో మిషన్ భగీరథ ప్రారంభమైంది. పట్టణాల్లో పేద కుటుంబాలకు రూపాయికే నల్లా అని తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. 2021 జనవరిలో హైదరాబాదులో ఇంటికి నెలకు 20,000 లీటర్లు ఉచితమన్నారు. నల్లా విషయంలో బీదవాడికి ఈ విధంగా కొంత దారి దొరికింది. మోరి సంగతి మాత్రం వేరుగా చూడవలసినది.

ఈ విషయంలో తమిళనాడులో అప్పట్లో చెన్నైకి ఆనుకొని వేరే మునిసిపాలిటీగా ఉండిన ఆలందూరు కథ తెలుసుకోదగినది. 1990ల చివర అక్కడి మునిసిపాలిటీ భూగర్భ డ్రైనేజీ తలపెట్టి, పని మొదలుకాకముందే ఇంటికి 5,000 రూపాయలు, దుకాణాలకు 10,000 రూపాయలు డిపాజిట్ అడిగింది. జనం మొదట నమ్మలేదు. ఛైర్మన్, కౌన్సిలర్లు, కాలనీ సంఘాలు ఇంటింటికీ తిరిగి నచ్చజెప్పినారు. వేలాది కుటుంబాలు కట్టినవి, పని జరిగింది. జనం పైసలు కట్టరనే మాట నిజం కాదని, నమ్మకం లేనిచోట మాత్రమే కట్టరని ఆలందూరు చూపించింది.

నల్లాకు, మోరికి ఒక ముఖ్యమైన తేడా కలదు. నల్లా పెట్టించుకుంటే లాభం నా ఇంటికి. మోరి కలుపుకుంటే లాభం నా పొరుగువాడికి. ఎందుకంటే నా మురుగు అతని గడప ముందు నిలవదు, దోమలు పుట్టవు, అతని బావి చెడదు. తన లాభానికి మనిషి ఖర్చు పెడతాడు, పొరుగువాడి లాభానికి వెనుకాడతాడు. పైగా వీధిలో సగం ఇళ్లే కలిస్తే పైపులో నీటి పారుదల చాలక మడ్డి పేరుకొని, కలిసినవారికి కూడా ఇబ్బందే. కాబట్టి మోరి కనెక్షన్‌కు ఛార్జీ ఎంత తక్కువ ఉంటే ఊరికి అంత మేలు.

కిరాయిదారుల సంగతి మరువరాదు. ఛార్జీ యజమాని కట్టినా అది కిరాయిలో కలిసి చివరకు ఆ కుటుంబం మీదనే పడవచ్చును. వాదనల్లో ఇంటివారి గొంతు వినబడుతుంది, కిరాయి గదిలో ఉండే తల్లి గొంతు వినబడదు.

చరిత్ర చెప్పేది కొద్దిలో ఇది: పెద్ద పైపు, పెద్ద కాలువ అందరి ఖజానా నుండి, గడప దాకా చిన్న పైపు స్థోమత గలవారి జేబు నుండి, అదీ కిస్తుల మీద, లేనివారి వంతు ఊరు భరించాలి. కట్టిన ప్రతి పైసకు రసీదు, రసీదుకు తగిన పని కనబడాలి. ఛార్జీ మాట వార్డు సభలో వచ్చినప్పుడు మనవాళ్లు ఇంట్లో కూర్చోకుండా పోయి లెక్క అడగవలెను. కట్టవలసినది కట్టుట మన బాధ్యత. లెక్క అడుగుట మన హక్కు. ఈ రెండూ కలిసి నడిచిన ఊళ్లోనే నల్లా పారుతుంది, మోరి కూడా పారుతుంది.