నా గోదావరి గొడవ

కాళోజీ గారు పెరిగిన ఊరు మడికొండ. ఆయన తన కవిత్వానికి ‘నా గొడవ’ అని పేరు పెట్టుకున్నారు. ఆ ఊరి గాలి సోకినందుకేమో, నాకూ ఒక గొడవ ఉంది. అయితే నాది గోదావరి గొడవ.

“మడికొండకూ గోదావరికీ సంబంధం ఏమిటమ్మా?” అని మీరు అడగవచ్చు. న్యాయమే. మాకు గుట్ట ఉంది, గుట్ట మీద రామలింగేశ్వరుడున్నాడు, చెరువులున్నాయి. నది మాత్రం లేదు. అయినా మా నల్లాల్లో వచ్చే నీళ్ళకు మూలం గోదావరే. దేవాదుల దగ్గర తోడిన నీళ్ళు గొట్టాల్లో పడి, కొండలూ మిట్టలూ ఎక్కి, మా పక్కనున్న ధర్మసాగరం చేరుతున్నాయి. కనుక ఆనకట్టలూ, మోటార్లూ వద్దనే హక్కు నాకు లేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను.

నది లేని ఊరివాళ్ళకే నదిని చూడాలన్న తహతహ ఎక్కువ కాబోలు. సెలవులొస్తే చాలు, మావైపు వాళ్ళు పాపికొండలకు బయల్దేరతారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పడవ మునిగినప్పుడు మా పక్క ఊరు కడిపికొండ నుంచి వెళ్ళినవాళ్ళూ అందులో ఉన్నారు. వారిలో చాలామంది తిరిగి రాలేదు. అప్పటినుంచి పాపికొండలంటే మాకు అందమూ, దుఃఖమూ ఒక్కసారే గుర్తొస్తాయి.

‘పాపిడి కొండలే’ పాపికొండలయ్యాయంటారు. ఒత్తయిన జుట్టు మధ్య దువ్వెనతో తీసిన పాపిడిలా, అడవికొండల నడుమ గోదావరి సన్నగా సాగిపోతుంది. అంతటి నదిని ఉన్నదున్నట్టు కాపాడే చట్టం మనకుందా అన్నదే నా గొడవ.

నీటి విషయంలో మన పెద్దలు తెలివితక్కువ వాళ్ళేం కాదు. కాకతి గణపతిదేవుడి కాలంలో జగదాల ముమ్మడి పాకాల చెరువు కట్టించి శాసనం వేయించాడు. చెరువు కట్టినవాడికీ, గండి పూడ్చి బాగుచేసినవాడికీ దశబంధం పేరిట మాన్యాలిచ్చేవారు. మనిషి మిగిల్చి పోవలసిన సప్తసంతానాల్లో కొడుకుతోపాటు తటాకాన్నీ లెక్క వేశారు. అయితే ఇవన్నీ కట్టిన నీటికి సుమండీ! పారే నీటికి పుష్కరాలూ, పసుపు కుంకుమలూ చాలుననుకున్నారు. ఆ రోజుల్లో చాలింది కూడా. గోదావరికి అడ్డం నిలిచే మొనగాడు అప్పుడెక్కడున్నాడు గనుక!

1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించాడు. డెల్టా అన్నపూర్ణ అయింది. ఆయనకు ఈనాటికీ అక్కడివాళ్ళు దండం పెడతారు. పెట్టవలసిందే. కానీ ఆనాటినుంచి నది అంటే మనకు ‘ఎంత నీరు, ఎవరి వాటా’ అన్న లెక్కగా మారిపోయింది.

ఇక అమెరికా సంగతి చూడండి. ఆనకట్టలు కట్టడంలో వాళ్ళు తక్కువవాళ్ళేం కాదు. అలాంటి దేశంలో, ఎలుగుబంట్ల మీద పరిశోధన చేసిన క్రెయిగ్‌హెడ్ అనే కవల సోదరులు, కొన్ని నదులనైనా అడ్డుకట్ట లేకుండా వదలాలని వాదించారు. చివరికి 1968 అక్టోబరు 2న, మన గాంధీ జయంతినాడే, అధ్యక్షుడు జాన్సన్ ఆ చట్టం మీద సంతకం చేశాడు. మొదట 8 నదులు. మనిషి చెయ్యి పడని పాయలు ఒక తరగతి, చూడముచ్చటైనవి ఇంకొకటి, జనం సులువుగా వెళ్ళి విహరించేవి మరొకటి. ఎంపికైన పాయ మీద ఆనకట్టకు అనుమతి లేదు. రెండు వైపులా ఇంచుమించు పావు మైలు మేర ఒడ్డుకూ రక్షణ. ఇప్పుడు ఆ జాబితాలో రెండు వందలకు పైగా నదులున్నాయి. అన్నీ కలిపినా ఆ దేశపు నదుల పొడవులో అర శాతం కూడా కాదు. కట్టిన ఆనకట్టలను ఆ చట్టం తప్పుపట్టలేదు. కట్టినవి కట్టాం, కొన్నిటిని మిగుల్చుకుందాం అంది. అంతే.

ఆ మరుసటేడు, 1969లో, మన దేశంలో గోదావరి కోసం బచావత్ గారి ట్రిబ్యునల్ ఏర్పడింది. దేనికి? పంచడానికి! 1980లో తీర్పు వచ్చింది. ఏ రాష్ట్రానికి ఎన్ని నీళ్ళు, పోలవరం ఎత్తెంత అన్నీ అందులో ఉన్నాయి. నదికి మిగిలే వాటా ఎంత అని అడిగే వకీలు మాత్రం లేడు.

చట్టాలు లేవని కాదు. 1972లో వన్యప్రాణులకు చట్టం వచ్చింది. 1974లో నీటి కాలుష్యం మీద చట్టం వచ్చింది. పాపికొండల అడవి 1978లో అభయారణ్యమూ, 2008లో జాతీయ పార్కూ అయింది. అంటే ఒడ్డున పులికి చట్టముంది, చెట్టుకు చట్టముంది. వాటిమధ్య పారే గోదావరికి, పారుతూ ఉండే హక్కు ఏ కాగితం మీదా లేదు. 2014లో విభజన చట్టం పోలవరాన్ని జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించింది. 2021లో నదిని స్పిల్‌వే వైపు మళ్ళించారు. ఆ ప్రాజెక్టు కోసం ఇల్లూ వాకిలీ వదలవలసిన కుటుంబాలు లక్షకు పైమాటే. వాళ్ళలో కోయలూ, కొండరెడ్లూ ఎందరో! నదిని ఉన్నదున్నట్టు ఉంచడమంటే బొమ్మలాంటి దృశ్యాన్ని దాచుకోవడం ఒక్కటే కాదు, ఆ ఒడ్డున బతికేవాళ్ళను ఉంచడం కూడా.

2017 మార్చిలో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగా యమునలు ప్రాణమున్న వ్యక్తులన్నది. జూలైలో సుప్రీంకోర్టు ఆ తీర్పు నిలిపివేసింది. నదిని తల్లీ అని పిలిచే దేశంలో ఆ తల్లికి కోర్టులో నిలబడే చోటు ఇంకా దొరకలేదన్నమాట.

నేను కోరేది పెద్దదేం కాదు. నా బిందె నిండాలి, డెల్టా పండాలి. దానితోపాటు మన నదుల్లో మిగిలిన కొన్ని పాయలనైనా ఎంచి, “ఇక్కడ ఏమీ కట్టం” అని చట్టసభలో రాసుకోవాలి. చూడ్డానికి వెళ్ళేవాళ్ళు క్షేమంగా తిరిగొచ్చే ఏర్పాటూ అందులోనే ఉండాలి. పెద్దలు చెప్పిన ఏడు సంతానాల్లో చెరువు కట్టడం ఒకటి. నదిని కట్టకుండా వదలడాన్ని మనం ఎనిమిదోదిగా చేర్చుకోకూడదా? దేవకీదేవికి అష్టమ సంతానమే కదా కృష్ణుడు!