కోనసముద్రం ఉక్కు చెప్పే పాఠం

పరిశ్రమల్లో కొత్త ఆలోచన పెద్ద చదువులు చదివినవాళ్లకే వస్తుందని మనలో చాలామందిమి అనుకుంటాం. పదో తరగతిలో మార్కులు తక్కువ వచ్చిన పిల్లవాణ్ణి ఐటీఐకి పంపుతాం. చేతిపని నేర్చుకోవడం చదువు కిందికి రాదన్నట్టు మాట్లాడతాం. మన ప్రాంత చరిత్ర చూస్తే ఈ అభిప్రాయం నిలవదు.

మల్యాల నుంచి జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా పడమటికి పోతే నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం ఉంది. రెండు వందల ఏళ్ల కింద ఆ ఊరి ఉక్కు కోసం ఇరాన్ వ్యాపారులు వచ్చేవారు. హెన్రీ వోయ్సీ అనే ఆంగ్లేయుడు ఆ కొలుములు చూసి రాసిన వివరాలు 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. రెండు చోట్ల తీసిన రెండు రకాల ఇనుమును పాళ్లు చూసి మట్టి మూసలో వేసేవారు. ఎద్దుతోలు తిత్తులతో గాలి కొడుతూ రోజంతా మంట నిలిపేవారు. తర్వాత తొందరపడకుండా చల్లారనిచ్చేవారు. మైసూరు, సేలం వైపు ఇనుముతో పాటు కట్టెముక్కలు, ఆకులు మూసలో పెట్టేవారు. రెండు ఇనుములను కలపడం ఇక్కడి ప్రత్యేకత. 2010లో పరిశోధకులు ఉత్తర తెలంగాణ పల్లెలు తిరిగి, ఇనుము తీసిన పాత చోట్లను పెద్ద సంఖ్యలో గుర్తించారు. ఈ చరిత్ర మీద ఎస్. జైకిషన్ గారు పుస్తకం రాశారు.

అదే కాలంలో లండన్‌లో మైకేల్ ఫారడే మన దేశపు ఉక్కును పరీక్షించాడు. ఆ ఫలితం 1819లో అచ్చయింది. తర్వాత కత్తులు తయారుచేసే జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి ఉక్కులో వెండి, ప్లాటినం, క్రోమియం కలిపి చూశాడు. మిశ్రమ ఉక్కు పరిశోధనలో అవి తొలి అడుగులు. ఈ ఫారడే కూడా కమ్మరి కొడుకే. కాలేజీ మొహం చూడలేదు. పుస్తకాలు బైండు చేసే దుకాణంలో ఏడేళ్లు పని నేర్చాడు. 1813లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ప్రయోగశాలలో సహాయకుడిగా చోటు దొరికింది. కోనసముద్రం కమ్మరి కొడుకుకు అలాంటి చోటు ఎక్కడా లేదు.

తర్వాత ఇంగ్లండ్ ఫ్యాక్టరీల ఉక్కు చవకగా దిగింది. 1856 నాటి బెస్సెమర్ పద్ధతితో టన్నుల కొద్దీ ఉక్కు నిమిషాల్లో తయారైంది. అడవుల మీద ఆంక్షలు వచ్చి బొగ్గు కరువైంది. కొలుములు ఆరిపోయాయి. పాళ్లు, మంట రంగు, చల్లార్చే అదును తండ్రి నుంచి కొడుకుకు నోటిమాటగా అందినవే. పని ఆగగానే విద్య కూడా పోయింది.

మన ఓజాలకూ ఇదే ప్రమాదం ఉంది. ఉషెగాం, కేస్లాగూడల్లో వాళ్లు మట్టి అచ్చు మీద తేనెమైనపు తీగలు చుట్టి, పైన మట్టి పూసి, మైనం కరిగిన చోట ఇత్తడి పోస్తారు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు పేరును కాపాడుతుంది. తక్కువ బొగ్గుతో కాగే పొయ్యిని మాత్రం పని తెలిసిన చెయ్యే కనిపెట్టాలి. ఆ చేతికి కొలత, గీత, లోహాల గుణం నేర్పాలి.

ఇది అయ్యే పనేనా అని అడిగేవాళ్లకు చింతకింది మల్లేశం గారిని చూపిద్దాం. ఆలేరు ప్రాంతపు ఆ నేతన్న ఆరో తరగతితో బడి మానేశారు. ఒక్క చీరకు ఆసు పోయాలంటే తల్లి లక్ష్మి గారి చెయ్యి సుమారు తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ తిరిగేది. ఆ బాధ చూడలేక 1992లో యంత్రం పని మొదలుపెట్టి 1999లో పూర్తిచేశారు. బాలానగర్‌లో ఒక యంత్రం కదలికను గమనించాకే ఆఖరి చిక్కు విడిపోయింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. దగ్గర్లో ఒక వర్క్‌షాపు, గీత నేర్పే గురువు ఉంటే ఆ ఏడేళ్లు తగ్గి ఉండేవి.

మన దేశంలో ఐటీఐ శిక్షణ పథకం 1950లో మొదలైంది. అప్రెంటిస్ చట్టం 1961లో వచ్చింది. 2024లో తెలంగాణ ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చే పనికి పూనుకుంది. మంచిదే. కానీ బటన్ నొక్కడమే నేర్పితే మన పిల్లలు ఎవరో చేసిన యంత్రానికి కూలీలుగానే మిగులుతారు.

అందుకే ఉపాధ్యాయ మిత్రులను కోరుతున్నాం. పిల్లల్ని ఊరి కొలిమి దగ్గరికి, సిరిసిల్ల సాంచాల దగ్గరికి తీసుకుపోండి. పోగు ఎక్కడ తెగుతోంది, ఎందుకు తెగుతోంది అని అడగనివ్వండి. చూసింది గోండిలోనో, లంబాడీలోనో, తెలుగులోనో రాయించండి, బొమ్మ గీయించండి. యువతను కోరేది కూడా ఇదే: ఐటీఐలో చేరితే ఇంటి పనిని మరిచిపోకండి, అందులోని చిక్కును అక్కడికి పట్టుకుపోండి. మన కమ్మరిని, మన ఓజాను వారానికి ఒక రోజైనా ఐటీఐకి గురువుగా పిలవాలని మనమంతా కలిసి అడుగుదాం.