మంగినపూడి ఒడ్డున ఒక పాత నావ

మా రొళ్లకు ఏ దిక్కున చూచినా సముద్రము రెండు వందల కిలోమీటర్లకు పైమాటే. చెరువు నిండిన సంవత్సరాన్ని పండుగగా జ్ఞాపకము పెట్టుకొనే మెట్టప్రాంతము వాళ్లము. అటువంటి మేము ఈ శతాబ్ది సంచికలో పడవను గూర్చి వ్రాయడము కొందరు సంఘస్థులకు వింతగా తోచవచ్చు. కాని మన సీమకు సువార్త వచ్చిన త్రోవన వెనుకకు నడిస్తే చివరకు ఒక చెక్క పడవ దగ్గరే ఆగవలసి వస్తుంది. 1810లో బళ్లారిలో లండన్ మిషన్ పని ప్రారంభించిన జాన్ హ్యాండ్స్ దొరగారు సముద్రము దాటి మద్రాసు మీదుగా వచ్చినవారే. ఆ రోజులలో మద్రాసుకు కట్టిన రేవు లేదు. ఓడ దూరాన లంగరు వేస్తే, విరుచుకు పడే అలలమీదుగా మనుష్యులను, పెట్టెలను ఒడ్డుకు చేర్చినది మసూలా పడవ.

ఆ పడవలో మేకు ఉండదు. పలకలకు అంచున రంధ్రాలు తొలిచి కొబ్బరి నారత్రాటితో కుట్టేవారు. మేకులు కొట్టిన గట్టి పడవ నేలకు తగిలితే పగులుతుంది. కుట్టిన పడవ వంగి, సర్దుకొని నిలుస్తుంది. దాని పేరు మసూలీపట్నము నుండి వచ్చినదని కొందరు, కాదని కొందరు. ఆ తగవు పండితులకే వదిలివేద్దాము.

కొన్ని ఏండ్ల క్రిందట బందరు వెళ్లినప్పుడు మంగినపూడి ఒడ్డున ఒక పాత నావ అవశేషము చూచాము. అక్కడిది తెల్లని ఇసుక కాదు, నల్లని బురద నేల. అందులో సగము కూరుకొని, చచ్చిన ఎద్దు ప్రక్కటెముకలవలె వంపు కర్రలు పైకి లేచి ఉన్నాయి. మేకులు త్రుప్పు పట్టి ఉబ్బి, తాము కలిపి ఉంచిన చెక్కనే చీల్చివేశాయి. కర్రనిండా వ్రేలు దూరేంత రంధ్రాలు. అది సముద్రపు పురుగు పని అన్నారు. పేరుకే పురుగు గాని అది ఆల్చిప్పల జాతి ప్రాణి.

చూచిన వెంటనే మాకు ఉప్పెన జ్ఞాపకము వచ్చింది. ఆ తీరమునకు ఉప్పెన క్రొత్త కాదు. ఉత్తరాన కోరంగి రేవు 1789 డిసెంబరులోను, మరల 1839 నవంబరులోను సముద్రము పాలయింది. 'సైక్లోన్' అనే మాటను లోకానికి ఇచ్చిన హెన్రీ పిడింగ్టన్ దొర 1848లో వ్రాసిన నావికుల గ్రంథములో కోరంగి సంగతీ ఉన్నది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరు మీదికే వచ్చిన ఉప్పెనలో ముప్పది వేలమంది పోయారని చెప్పుతారు. నోబుల్ దొరగారు 1843లో పాఠశాల స్థాపించిన ఊరే అది. ఆ ఉప్పెనను చూచిన మరుసటి ఏడే ఆయన కన్నుమూశారు. ఇక 1977 నవంబరు 19 దివిసీమ సంగతి మన పెద్దలకు చెప్పనక్కరలేదు. ప్రభుత్వ లెక్కలలోనే దాదాపు పది వేల ప్రాణాలు. కనుక ఈ నావ కూడ ఆ ఉప్పెన విసరివేసినదే అని నిశ్చయించుకొని, మనసులో ఒక వ్యాసము కూడ అల్లుకొన్నాము.

దగ్గరలో వల బాగు చేసుకొంటున్న ఒక పెద్దాయనను అడిగితే ఆయన నవ్వాడు. "ఉప్పెనా? కాదండి బాబూ. ఫైబరు పడవ కొన్నాక దీన్ని ఇక్కడ వదిలేశారు, అంతే."

మా వ్యాసము అక్కడే కూలింది. తరువాత విచారించగా ఆయన మాటకు వెనుక పెద్ద కథే ఉన్నదని తెలిసింది. 1979లో మద్రాసు కేంద్రముగా ఐక్యరాజ్య సమితి ఆహార సంస్థవారు బంగాళాఖాత మత్స్య పథకము ప్రారంభించి, అలలను దాటి ఒడ్డుకెక్కే క్రొత్త పడవలను మన తీరాన పరీక్షించారు. కలప ధర పెరుగుతున్నది, ఫైబరుకు పురుగు పట్టదు. కొద్ది ఏండ్లలో చెక్క నావలు అనేకము మూలపడ్డాయి. నూరేండ్ల గాలివానలకు నిలిచిన వడ్రంగుల విద్య ఒక తరములో పలచబడింది. దాని కోసము ఎవరూ స్మారక స్తంభము నిలుపలేదు.

మరొక సంగతి కూడ అప్పుడే తట్టింది. తెప్పకు శిథిలము ఉండదు. వేట కాగానే కట్లు విప్పి దుంగలు ఆరబెడతారు. పాతబడ్డ దుంగ పొయ్యిలోకి పోతుంది. కుట్టిన పడవ త్రాడు చీకితే పలకలు మరొక పడవకు చేరతాయి. మేకులు కొట్టిన నావ మాత్రమే ఇట్లా ఒడ్డున ఎముకలు మిగుల్చుతుంది. బందరులో డచ్చివారి సమాధి రాళ్లు మూడు శతాబ్దాలు దాటినా చెక్కడాలతో నిలిచి ఉన్నాయి. వారిని ఒడ్డుకు దించిన పడవల పలక ఒక్కటీ లేదు. మెలితే దగ్గర పౌలు ఎక్కిన ఓడ బ్రద్దలైనప్పుడు 276 మందిలో ఈదగలవారు ఈది, మిగిలినవారు పలకల మీదను ఓడ చెక్కల మీదను ఒడ్డు చేరారని అపొస్తలుల కార్యములలో చదువుతాము. ఆ పలకలు ఏమయ్యాయో లూకా వ్రాయలేదు. బహుశా ద్వీపవాసులు పొయ్యిలో పెట్టుకొని ఉంటారు.

ఈ నావ మంచి పలకలు ఎక్కడ అని అడిగాము. గొడ్ల చావిడికి వేశారట. అడుగు దూలము బరువు కనుక ఎవరూ కదల్చలేదట. ఆ ముసలాయన వల ప్రక్కన పెట్టి, మాది ఏ ఊరని అడిగాడు. రొళ్ల, మడకశిర దగ్గర అన్నాము.

"అక్కడ సముద్రము ఎంత దూరమండీ?"

లేదన్నాము. ఆయన కాసేపు మావైపు జాలిగా చూచి, "మరి ఎట్లా బ్రతుకుతారండీ?" అన్నాడు.