డార్లింగ్టన్ పట్టికలు

"రెండు వారాల స్ప్రింటులో రిక్వైర్‌మెంట్లకీ టెస్టులకీ లంకెలు రాసుకుంటూ కూర్చుంటే పని సాగుతుందా?" మా మార్కమ్‌లో సాఫ్ట్‌వేర్ పని చేసే మనవాళ్ళ నోట ఈ మాట తరచు వింటుంటాను. జవాబు మనకి తూర్పున, ఒంటారియో సరస్సు ఒడ్డునే ఉంది.

డార్లింగ్టన్ అణువిద్యుత్ కేంద్రంలో, ప్రమాదం వస్తే రియాక్టరుని ఆపే పని కంప్యూటర్లకి అప్పగించారు. ఆ ప్రోగ్రాములు కోరిన పనే చేస్తాయని రుజువు చూపించమంది 1980ల చివర కెనడా అణు నియంత్రణ బోర్డు. అప్పటికే, 1985-87 మధ్య, కెనడాలో తయారైన థెరాక్-25 వైద్య యంత్రం సాఫ్ట్‌వేర్ లోపాల వల్ల కనీసం ఆరుగురికి మోతాదు మించి రేడియేషన్ ఇచ్చింది.

డేవిడ్ పార్నస్ సలహాతో ఒక బృందం రిక్వైర్‌మెంట్లని పట్టికలుగా రాసింది. మరో బృందం విడిగా కోడ్‌నుంచి పట్టికలు తీసింది. మూడో బృందం రెండింటినీ పోల్చింది. అనుమతి ఆలస్యమైంది, 1990లో మొదటి యూనిట్ కరెంటు ఇచ్చింది.

2001 నాటి ఎజైల్ మానిఫెస్టో డాక్యుమెంట్ల కంటే నడిచే సాఫ్ట్‌వేర్‌కి విలువిచ్చింది గానీ, డాక్యుమెంట్లే వద్దనలేదు. మన స్ప్రింటుకి అన్ని పట్టికలు అక్కర్లేదు. ప్రతి టెస్టు పక్కనా, అది ఏ స్టోరీ కోసం పుట్టిందో ఆ నంబరు ఉంటే చాలు. కోరిక మారిన రోజున ఏ టెస్టు మార్చాలో అదే చెబుతుంది, రాసినవాడు ఉద్యోగం మారి వెళ్ళిపోయినా సరే.