ఎగువ డెర్వెంట్ లోయ

ఎగువ డెర్వెంట్ లోయ ఇంగ్లాండు దేశంలో, ప్రధానంగా డెర్బీషైర్ కౌంటీలో ఉన్న ఒక గ్రామీణ లోయ. ఇది షెఫీల్డ్ నగరానికి పడమర దిక్కున, పీక్ డిస్ట్రిక్ట్ జాతీయ ఉద్యానవనంలో కలదు. హౌడెన్, డెర్వెంట్, లేడీబోవర్ అనే మూడు జలాశయాలకు ఈ లోయ ప్రసిద్ధి చెందినది. నగరాల తాగునీటి కోసం నిర్మించిన ఈ జలాశయాల వలన లోయలోని రెండు గ్రామాలు కనుమరుగైనవి. ఇంగ్లాండులో డెర్వెంట్ అనే పేరుతో మరికొన్ని నదులు కూడా ఉన్నవి.

భౌగోళికం

డెర్వెంట్ నది బ్లీక్‌లో అనే ఎత్తైన బీడుభూమిలో పుట్టి, దక్షిణంగా ప్రవహించి, చివరకు ట్రెంట్ నదిలో కలుస్తుంది. లోయ ఎగువ భాగంలో ఈ నది పూర్వం డెర్బీషైర్, యార్క్‌షైర్ కౌంటీలకు సరిహద్దుగా ఉండేది. పడమటి నుండి వచ్చే ఆషప్ నది ఇప్పుడు లేడీబోవర్ జలాశయంలో కలుస్తున్నది. అందువలన ఆ జలాశయం రెండు పాయలుగా కనిపిస్తుంది.

ఇక్కడి శిల మిల్‌స్టోన్ గ్రిట్ అనే ముతక ఇసుకరాయి. తూర్పున ఉన్న డెర్వెంట్ ఎడ్జ్ అనే కొండ అంచున, గాలికీ వానకూ అరిగి వింత ఆకారాలు పొందిన బండలు ఉన్నవి. ఈ అంచుపై ఎత్తైన స్థలం బ్యాక్ టార్ (538 మీటర్లు). కొండలపై పెరిగే హెదర్ పొదలు ఆగస్టు నెలలో ఊదారంగు పూలు పూస్తాయి. చలికాలంలో తెల్లగా మారే కొండ కుందేళ్ళు ఈ ప్రాంతపు ప్రత్యేకత.

జలాశయాల నిర్మాణం

పరిశ్రమలతో పెరిగిన షెఫీల్డ్, డెర్బీ, నాటింగ్‌హామ్, లెస్టర్ నగరాలకు నీటి అవసరం ఎక్కువైనది. వర్షపాతం అధికంగా ఉండడం, లోయ ఇరుకుగా ఉండడం వలన ఈ ప్రాంతం ఆనకట్టలకు అనువైనదిగా గుర్తించబడినది. 1899లో డెర్వెంట్ వ్యాలీ వాటర్ బోర్డు ఏర్పడినది. రాతి ఆనకట్టలైన హౌడెన్ 1912లోను, డెర్వెంట్ 1916లోను పూర్తయినవి. వీటికి కావలసిన రాయిని గ్రిండిల్‌ఫర్డ్ సమీపంలోని క్వారీ నుండి రైలు మార్గం ద్వారా తెచ్చారు. కూలీల కుటుంబాల కోసం బర్చిన్‌లీ అనే తాత్కాలిక గ్రామాన్ని ఇనుప రేకులతో కట్టారు. అందులో బడి, ఆసుపత్రి కూడా ఉండేవి.

తరువాత కూడా నీరు చాలకపోవడంతో 1935లో లేడీబోవర్ ఆనకట్ట పని మొదలైనది. ఇది బంకమట్టి గర్భం గల మట్టికట్ట. 1945 సెప్టెంబరు 25న ఆరవ జార్జి రాజు దీనిని ప్రారంభించాడు.

మునిగిన గ్రామాలు

లేడీబోవర్ జలాశయం క్రింద డెర్వెంట్, ఆషప్టన్ గ్రామాలు మునిగిపోయినవి. నిర్వాసితులలో అనేకులకు ఆనకట్ట దిగువన యార్క్‌షైర్ బ్రిడ్జి వద్ద ఇళ్ళు కట్టించారు. డెర్వెంట్ చర్చి శ్మశానంలోని అస్థికలను వెలికితీసి బామ్‌ఫర్డ్‌లో తిరిగి ఖననం చేశారు. చర్చి శిఖరాన్ని గుర్తుగా నిలిపి ఉంచినా, ప్రజల భద్రత దృష్ట్యా 1947లో దానిని కూల్చివేశారు. గ్రామంలోని పాత రాతి వంతెన మాత్రం దక్కినది. దాని రాళ్ళను విడదీసి భద్రపరచి, 1959లో హౌడెన్ జలాశయానికి ఎగువన స్లిప్పరీ స్టోన్స్ వద్ద మళ్ళీ కట్టారు.

1976, 1995, 2018, 2022 సంవత్సరాలలో నీటిమట్టం బాగా తగ్గినపుడు డెర్వెంట్ గ్రామ శిథిలాలు బయటపడగా, వేలాది జనం చూడవచ్చారు. ఆషప్టన్ మాత్రం పూడిక క్రింద ఉండిపోయినది. ఆ పేరు ఇప్పుడు జలాశయం మీదుగా వెళ్ళే రోడ్డు వంతెనకు మిగిలినది.

చూడదగ్గ ప్రదేశాలు

డెర్వెంట్ ఆనకట్ట: రెండు బురుజులు గల ఈ ఆనకట్టపై 1943లో బ్రిటిష్ వైమానిక దళపు 617వ స్క్వాడ్రన్, జర్మనీ ఆనకట్టలపై దాడికి ముందు, తక్కువ ఎత్తులో విమానాలు నడపడం సాధన చేసినది. ఆ దాడిపై 1955లో వచ్చిన 'ది డ్యామ్ బస్టర్స్' చిత్రం కొంత భాగం ఇక్కడే తీశారు.

టిప్ స్మారకం: 1953 డిసెంబరులో జోసెఫ్ ట్యాగ్ అనే వృద్ధ గొర్రెల కాపరి హౌడెన్ బీడులో మరణించాడు. అతని కుక్క టిప్ 15 వారాలు మంచులో శవాన్ని వదలకుండా ఉన్నది. దాని స్మారక శిల డెర్వెంట్ ఆనకట్ట పక్కన కలదు.

లేడీబోవర్ పొంగుబావులు: ఇవి సుమారు 24 మీటర్ల వ్యాసం గల రెండు గుండ్రని రాతి బావులు. జలాశయం నిండినపుడు మిగులు నీరు వీటిలోకి దూకి ఆనకట్ట దిగువకు పోతుంది.

విన్ హిల్, బామ్‌ఫర్డ్ ఎడ్జ్: జలాశయాన్ని పైనుండి చూడడానికి నడకదారులు గల కొండలు.

రవాణా సౌకర్యాలు

షెఫీల్డ్, మాంచెస్టర్ నగరాల మధ్య రైలు మార్గంలో ఉన్న బామ్‌ఫర్డ్ సమీప రైల్వేస్టేషను. ఏ57 రహదారి లేడీబోవర్ ఒడ్డున వెళ్తుంది. డెర్వెంట్ ఆనకట్ట దిగువన ఫెయిర్‌హోమ్స్ వద్ద సందర్శకుల కేంద్రం, వాహనాలు నిలుపు స్థలం ఉన్నవి.